కొర్రీల రాయుడు

ఫైలు ఐదోసారి వెనక్కి వచ్చింది.

లెక్చరరమ్మ దాన్ని చంకన పెట్టుకుని, రెండంతస్తులు ఎక్కి, సిలబస్ సెక్షన్ కిటికీ ముందు నిలబడింది.

"ఈసారి ఏం తప్పు దొరికిందండీ?"

లోపలున్న గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏడో పేజీలో గంటలు కూడితే నలభై ఏడే వస్తున్నాయి మేడమ్. నలభై ఎనిమిది ఉండాలి."

"ఆ ఒక్క గంటా మీరే వేస్తే మీ సొమ్మేం పోయింది?"

"నా చేత్తో దిద్దకూడదండి."

"పోయినసారి మార్జిన్ చాల్లేదన్నారు. అంతకుముందు పుస్తకాల పట్టిక వరస తప్పిందన్నారు. అన్నీ ఒకేసారి చెప్పి ఏడవచ్చుగా?"

"చూస్తూ ఉంటే కనబడతాయి మేడమ్. ఒకేసారి కనబడవు."

కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషితో ఏం మాట్లాడతాం? ఆవిడ అతనికి కొర్రీల రాయుడని పేరు పెట్టుకుని మెట్లు దిగింది.

ఆవిడ తొందర ఆవిడది. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లే ఉంది. కొత్త కోర్సులు పాస్ చేసే కమిటీ కూర్చునేది మూడు నెలలకోసారి. అందులో ఒకసారి కొట్టేశారంటే ఆ కోర్సు ఐదేళ్లదాకా మళ్లీ పెట్టకూడదు.

కోర్సు పేరు, మంచాన పడ్డవాళ్ల సేవ. ఏడాది డిప్లొమా.

వాళ్లమ్మ ఎనిమిదేళ్లు మంచంలో ఉంది. పెళ్లీ పెటాకులూ లేని లెక్చరరమ్మ క్లాసులకూ మంచానికీ మధ్య పరుగులు పెడుతూ, తప్పులు చేసి చేసి ఆ సేవ నేర్చుకుంది. నేర్చుకునేలోపు ఆ తప్పులన్నీ అమ్మ ఒళ్లే భరించింది.

అమ్మ పోయింది. ఇప్పుడు తాళం తీసుకుని లోపలికి వెళ్తే వచ్చావా అని అడిగే దిక్కు లేదు. నేర్చుకున్నదాన్ని ఎవరికైనా అప్పజెబితే తప్ప ఆ ఎనిమిదేళ్లకూ అర్థం లేదనిపించేది ఆవిడకి.

టీ గదిలో తోటివాళ్లు నవ్వారు. "బాగానే ఉందిగానీ, ఎవరు చేరతారండీ దీంట్లో?"

ఆరోసారి కొర్రీ కొత్తరకంగా వచ్చింది.

"రోగిని రెండు గంటలకోసారి పక్క మార్చాలని రాశారు మేడమ్. ఇంట్లో చేసే మనిషి ఒక్కరే అయితే ఎలా మార్చాలో రాయలేదు."

"అది సిలబస్సులో అక్కర్లేదు."

"ఉంటే మంచిదండి."

ఆవిడ తిట్టుకుంటూ ఇంటికి వెళ్లి రాయడానికి కూర్చుంది. దుప్పటి మడతపెట్టి నడుం కిందికి ఎలా జరపాలో, అవతలి వైపు నిలబడి ఎలా లాగాలో, మన నడుం పట్టేయకుండా మోకాళ్లు ఎలా వంచాలో రాసింది. రాస్తూ రాస్తూ ఏడ్చేసింది. అమ్మ పోయాక ఆ సంగతి ఆవిడని అడిగినవాళ్లు లేరు.

రెండు పేజీలు జతచేసి పంపింది. ఫైలు ఏడోసారీ వచ్చింది. ఆ కొత్త పేజీలకు నంబర్లు లేవట.

లెక్చరరమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. కావాలని వేధిస్తున్నాడని రిజిస్ట్రారుకు ఫిర్యాదు రాసిచ్చి, నంబర్లు వేసి ఫైలు అతని బల్ల మీద పడేసి వచ్చింది.

తర్వాతి మీటింగులో కోర్సు ఒక్క ప్రశ్న లేకుండా పాసయింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి మొహాన కొట్టి రావాలని ఆవిడ ఆర్డరు కాపీ పట్టుకుని మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది.

ఆ కుర్చీలో, అంతకుముందు పక్క సీటులో ఉండే అమ్మాయి కూర్చుని ఉంది.

"ఆయన లేరా?"

"రిటైరై నెలయిందండి. వెళ్లేముందు మీ ఫైలు దగ్గరుండి కమిటీలో పెట్టించారు."

"ఏడుసార్లు తిప్పాక గానీ బుద్ధి రాలేదన్నమాట."

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కమిటీకి పెద్దగా ఉన్న పాత డీన్ గారు మీ కోర్సు మీద కత్తి కట్టారు మేడమ్. దుప్పటి దులపడానికి డిప్లొమానా, రానీండి, కొట్టేస్తాను అన్నారు. అందుకే ఆ డీన్ గారు దిగిపోయేదాకా, మీటింగు వచ్చిన ప్రతిసారీ మా సారు ఏదో ఒక కొర్రీ వేసి మీ ఫైలు లోపలికి పోకుండా ఆపారు."

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"మీకు చెబితే డీన్ గారి మీదికి పోట్లాటకి వెళ్తారని భయపడ్డారండి."

అది నిజమే. వెళ్లేది.

"అందరి ఫైళ్లూ ఇలాగే కాపాడేవారా?"

"ముప్ఫై మూడేళ్లలో ఆయన వెనక్కి పంపింది మీ ఫైలొక్కటే. మీ ఫిర్యాదు మీద రిజిస్ట్రారు గారు ఆయనకి రిటైరయ్యే రోజు మెమో ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నారు."

లెక్చరరమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది. "నా ఫైలే ఎందుకు?"

"వాళ్లావిడ ఆరేళ్లుగా మంచంలోనే ఉండేవారండి. ఇంట్లో ఇంకో మనిషి లేరు. మీరు దిద్ది పంపిన ప్రతిసారీ ఒక కాపీ ఇంటికి పట్టుకెళ్లి, అందులో ఉన్నట్టే ఆవిడకి చేసేవారు. ఒంటి మీద పుండ్లన్నీ మానాయని ఒకరోజు మాకందరికీ చెప్పారు."

"ఇల్లెక్కడ? నేను వెళ్లాలి."

"ఆయన రిటైరైన వారానికే ఆవిడ పోయారు మేడమ్. ఇల్లు ఖాళీ చేసి ఆయన ఎటు వెళ్లారో మాకెవరికీ తెలీదు."

తన కోర్సు మొదటి విద్యార్థి మీద తానే ఫిర్యాదు రాసిందని లెక్చరరమ్మకు అప్పుడు తెలిసింది.