చెరువు శిఖంలో బి బ్లాక్

“మందు తగ్గించకు బాలేష్. తెచ్చిందంతా పెట్టెయ్. ఒక్క తూటా కూడా వెనక్కి పోవడానికి వీల్లేదు.”

బిల్డర్ జయకృష్ణ హద్దుగా కట్టిన ఎర్రతాడు పట్టుకుని నిలబడి పొద్దుటినుంచీ ఇదే పాట పాడుతున్నాడు. తాడుకు అవతల, శామీర్‌పేట దాటాక ఉన్న ఒక చెరువు శిఖంలో, అతను కట్టించిన బి బ్లాక్ ఖాళీగా నిలబడి ఉంది. కింది అంతస్తులో స్తంభాలన్నిటికీ రాళ్లు ఎగరకుండా ఇనుప జాలీలు, గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి.

“పెట్టిన సార్. సరిపోతది,” అన్నాడు బాలేష్. బిల్డింగులు పేల్చడంలో అతనిది అందెవేసిన చెయ్యి.

“సరిపోతే చాలదయ్యా, పిండి కావాలి. నా కట్టడం సంగతి నీకు తెలీదు. రాళ్లు పేల్చే గుట్టకు ఇంత దూరం కాబట్టి చిన్న బీట కూడా పడలేదు చూడు. ఒకటి రెండు స్తంభాలు పోయినా కదిలే రకం కాదిది. ఏం మేడం?”

మున్సిపల్ ఇంజినీరు శ్రీదివ్య పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. ఆమె పక్కన కెమెరా తిరుగుతూనే ఉంది. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో కట్టారని ఈ కూల్చివేత. సొంత బిల్డింగ్ కూలుతుంటే ఎవడైనా లబోదిబోమంటాడు. ఈయన మాత్రం పెళ్లిపెద్దలా హడావుడి పడుతున్నాడు.

ఎందుకు పడడు! నిరుడు గుట్ట పక్కనే ఉన్న దీని జంట, ఎ బ్లాక్, పట్టపగలు కుప్పకూలింది. కింద అన్నాలు తింటున్న కూలీలు పోయారు. వెనక గుట్ట మీద రాళ్లు పేల్చేవాడు మందు ఎక్కువ పెట్టాడనీ, ఆ అదురుకే తన బిల్డింగ్ కూలిందనీ జయకృష్ణ కేసు పెట్టాడు. సాక్షుల్నీ తెచ్చాడు. ఆ గుట్ట మీద పేల్చింది బాలేష్ అన్న, బాలమల్లు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఎ బ్లాక్ శిథిలాలు అప్పుడే లారీలెక్కి మాయమైపోయాయి. ఇక మిగిలింది బి బ్లాక్. అదే సిమెంటు, అదే ఇనుము, అదే దొంగ చెయ్యి. ఇదీ పోతే అడిగేవాడెవడు?

“మీ ఇంటి విద్యే కదయ్యా,” అన్నాడు జయకృష్ణ నవ్వుతూ. “మీ అన్న చెప్పకుండా కూల్చాడు. నువ్వు చెప్పి కూలుస్తున్నావు.”

బాలేష్‌కు అక్కడికక్కడే ఆ పీక పిసికేద్దామన్నంత కోపం వచ్చింది. నోట్లోంచి మాత్రం “అవ్ సార్” అనే వచ్చింది. ఈ పని ఎవరూ అతని నెత్తిన రుద్దలేదు. నాకే ఇయ్యుండ్రి అని కూల్చివేత కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ ఓనరు కాళ్లు పట్టుకున్నంత పనిచేసి తెచ్చుకున్నాడు.

అంతలో జనాన్ని తోసుకుంటూ జంగమ్మ వచ్చింది. బాలమల్లు భార్య.

“సిగ్గున్నదారా నీకు? మీ అన్న నీ చెయ్యి పట్టుకొని గీ పని నేర్పిండు. గా దొంగోనికి చాకిరి చేసెటానికేనా?”

“వదినె, ఇటు రాకు. దూరం జరుగు.”

“రాకుంటే ఎట్ల? గది నిలబడుంటెనే గద, పెద్ద సార్లను తోల్కొచ్చి పరీక్ష జేపిద్దమని వకీలు చెప్పిండు. మీ అన్న బయటికొచ్చెటానికి గదొక్కటే దారి. దాన్ని నీ చేతుల్తోనే మట్టి జేస్తవా?”

“జేస్త.”

జంగమ్మ వంగి గుప్పెడు దుమ్మెత్తి అతని మీద పోసింది. “నీ చేతులు పడిపోను! మీ అన్న ఉసురు తగుల్తది నీకు!”

పోలీసులు ఆమెను వెనక్కి లాక్కెళ్లారు. జయకృష్ణ బాలేష్ భుజం తట్టాడు. “అదీ! పనిమంతుడంటే ఇలా ఉండాలి.”

బాలేష్ దుమ్ము దులుపుకోలేదు. స్విచ్ దగ్గరికి నడుస్తుంటే హెల్పర్ మల్లేష్ వెంటపడ్డాడు.

“అన్నా, మందు పెట్టేటప్పుడు మమ్ముల అందర్ని బయటికి పంపినవ్. గా బిల్డరు సార్ మీద కోపంతోని మస్తుగ పెట్టినవా ఏంది? రాయి ఎగిరొచ్చి తగిలితే సచ్చిపోతడు!”

“తగలదు. గాయిన సావొద్దు. కండ్లు మంచిగుండాలె. అన్నీ సూడాలె.”

మల్లేష్‌కు ఆ గొంతు వింటేనే భయం వేసింది. బాలేష్‌కు లోపల ఇంకో భయం. లెక్క తప్పిందంటే లైసెన్సు పోతుంది, తనూ అన్న పక్కన చేరతాడు.

సైరన్ మోగింది. రోడ్డు మీద ఆపేసిన కాలేజీ బస్సుల కిటికీల్లోంచి పిల్లలు ఫోన్లు బయటపెట్టారు. బాలేష్ స్విచ్ నొక్కాడు.

ధన్!

బిల్డింగ్ నిలబడే ఉంది. “పడు,” అన్నాడు బాలేష్ పళ్లు నూరుతూ. “నీయవ్వ, పడు!”

ముందు ఒక పక్క కుంగింది. ఆ వెంటనే అంతస్తు మీద అంతస్తు పడుతూ మొత్తం కూలిపోయింది. దుమ్ము చెరువు మీదిదాకా కమ్మేసింది. జనం ఈలలు వేశారు. జంగమ్మ నెత్తి కొట్టుకుంటూ కూలబడింది.

“శభాష్!” జయకృష్ణ పరుగున వచ్చి బాలేష్‌ను వాటేసుకున్నాడు. “పిండి పిండి చేశావయ్యా! ఇక నాకు ఏ పీడా లేదు!”

శ్రీదివ్య కెమెరాతో దగ్గరికి వచ్చింది. “రికార్డు కోసం చెప్పండి. ఎన్ని స్తంభాలు పేల్చారు?”

“జర ఆగుండ్రి మేడం. సార్ మొఖం గూడ పడాలె.”

జయకృష్ణ కాలరు సర్దుకుని, బాలేష్ భుజం మీద చెయ్యేసి, కెమెరాలోకి చూసి నవ్వాడు.

“మూలకున్న ఒక్కటే మేడం.”