నోట్లో నువ్వుగింజ

కుట్టు షాపు మెట్ల మలుపులో కటింగక్క ఆగిపోయింది.

భుజం మీది గుడ్డ తాను జారింది. వెనకాలే వస్తున్న కాజాల పిల్ల దాన్ని ఒడిసిపట్టుకుంది.

"ఏంటక్కా, ఇలా చెమటలు పట్టేశాయి?"

"వయసు. నీకూ వస్తుందిలే, తొందరపడకు."

"గుండెల్లో నొప్పేమన్నా ఉందా?"

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. కాస్త ఆయాసం."

"బీపీ ఉందా అక్కా?"

"ఎప్పుడో ఉందన్నారు. తలనొప్పయినా రాని జబ్బుకి మాత్రలెందుకని మానేశాను."

కాజాల పిల్ల మొహం పాలిపోయింది. ఇక్కడికి కొత్త. చొక్కాలకి కాజాలు కుట్టుకుంటూ, అడిగితే తప్ప మాట్లాడని మనిషి.

"ఓనరు చెవిన పడిందంటే నన్ను కింద బొత్తాల బల్లకి దింపేస్తాడు. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

పిల్ల వెంటనే చెయ్యి చాపలేదు.

"వెయ్యవే!"

"ఒట్టక్కా," అంది చివరికి.

ఆ షాపులో పెద్ద కత్తెర అక్క ఒక్కదానిదే. పక్కకి జరపడానికైనా ఇంకొకరు ముట్టుకోరు. దాని పిడి అరిగి అరిగి అక్క బొటనవేలి ఆకారానికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న అక్క వచ్చేసరికి ఓనరు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అక్కా, డాక్టరు చూసి సరేననేదాకా మీరు పైకెక్కొద్దు."

"ఎవరు చెప్పారు?"

ఓనరు కాజాల పిల్ల వైపు చూశాడు. పిల్ల తల వంచుకుంది.

"మరి నా కత్తెర?"

"అందాకా ఈ అమ్మాయి చూసుకుంటుంది. ఇదివరకు చేసిన చోట కటింగే చేసిందట."

అక్క గిరుక్కున ఆ పిల్ల వైపు తిరిగింది.

"అదా సంగతి! పక్కనే ఉండి నా కత్తెరకే ఎసరు పెట్టావా?"

"అది కాదక్కా..."

"అక్కా గిక్కా అన్నావంటే ఊరుకోను. నిన్న వేసిన ఒట్టు తెల్లారేసరికి తీసి గట్టున పెట్టావు. నోట్లో నువ్వుగింజ నానదు కదే నీకు!"

మిషన్లన్నీ ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ పూట నుంచి షాపులో ఆ పిల్ల పేరు నువ్వుగింజ.

అక్క పంతం కొద్దీ ఆసుపత్రికి వెళ్లింది. ఏ జబ్బూ లేదని కాగితం రాయించుకొచ్చి దాని మొహాన కొట్టాలని.

నడిచే మిషను మీద నడిపిస్తున్న డాక్టరమ్మ, తెర వైపు చూసి సగంలోనే ఆపేసింది.

"గుండెకి రక్తం చాలడం లేదు. మీకు నొప్పే తెలియలేదా?"

"లేదమ్మా."

"కొందరికి తెలియదు. బీపీని గాలికొదిలేస్తే ఇలా చప్పుడు చెయ్యకుండా లోపల్లోపలే తినేస్తుంది. ఎవరు పంపారో గానీ, సమయానికి పంపారు."

అక్క మిషను దిగి చెప్పులు వేసుకుంది. ప్రాణం నిలిచినంత మాత్రాన మోసం మోసం కాకుండా పోతుందా?

వైద్యం అయింది. మాత్రలు అలవాటయ్యాయి. డాక్టరమ్మ సరేనంది.

అక్క మళ్లీ మెట్లెక్కింది, మెల్లగా. బల్ల మీద పెద్ద కత్తెర తను పెట్టిన చోటే ఉంది, పైన ఒక మెత్తటి గుడ్డ కప్పి.

"ఏదీ, నువ్వుగింజ?"

"మీరొస్తున్నారని తెలియగానే మానేసింది," అన్నాడు ఓనరు. "మీ కంట్లో నలుసులా ఉండలేనంది. మీ కత్తెర ముట్టుకోలేదక్కా. ఇంటి నుంచి చిన్న కత్తెర తెచ్చుకుని దానితోనే నెట్టుకొచ్చింది."

సాయంత్రం అక్క ఆ పిల్ల అద్దెకుండే గది వెతుక్కుంటూ వెళ్లింది. తలుపుకి తాళం. ఇంటావిడ గుమ్మం ఊడుస్తోంది.

"ఖాళీ చేసి వెళ్లిపోయిందమ్మా. ఎక్కడికో చెప్పలేదు. మీరు?"

"తనతో పనిచేసేదాన్ని. నాకు ఒట్టేసి మరీ మాట తప్పింది. ఎందుకలా చేశావని అడుగుదామని..."

ఇంటావిడ చీపురు ఆపింది.

"మాట తప్పిందా, ఆ పిల్లా? కట్టుకున్నవాడు మెట్ల మీద ఆయాసపడుతూ 'నా బీపీ సంగతి ఎవరికీ చెప్పకు' అని ఒట్టేయించుకుంటే, అతను కుప్పకూలిపోయేదాకా నోరు విప్పని మనిషమ్మా అది!"