వెచ్చని సొరుగు

“పాముల కోసం ఆ సొరుగుల రాక్ కొందామంటే విన్నావా?” డొరెట్ కింది సొరుగును ముందుకు లాగింది. లోపల చెక్కపొట్టు తప్ప ఏమీ లేదు. “కడతానన్నావు. కట్టావు. ఇప్పుడు పాము ఏది?”

వెసెల్ మోకాళ్ళ మీద కూర్చుని సొరుగుకూ పై పలకకూ మధ్య సందులో వేలు పెట్టి చూశాడు. వేలు సులువుగా దూరింది. దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

“వేలు పట్టిందంటే తల పడుతుంది. తల పట్టాక మిగతాది ఆగుతుందా? బిగించిన రోజే చెప్పాను.”

“పాత బీరువా పలకలు కదా. వేడికి కాస్త వంగాయి.”

“ప్రిటోరియావాడు అమ్మే రాక్ వంగదు.”

“ఆ రాక్ కొనే బదులు మన బండికి నాలుగు టైర్లూ మార్చుకోవచ్చు.”

“టైర్లు గుడ్లు పెట్టవు వెసెల్.”

సాఫ్రాన్ నిండు చూలుతో ఉంది. పసుపు మచ్చల బాల్ పైథాన్, విషం లేని చిన్న జాతి కొండచిలువ. చూపుడువేలంత లావున్నప్పటి నుంచీ డొరెట్ పెంచింది. ఇదే తొలి కాన్పు. మే నెల వచ్చేసింది. భూమికి ఈ దక్షిణపు కొసన మే అంటే చలికాలం మొదలు, హూట్స్‌ప్రెయిట్‌లో తెల్లవారుజాములు వణికిస్తున్నాయి. ఏ చల్లని మూలలోనో గుడ్లు పెట్టిందా, వాటిని చుట్టుకుని అక్కడే ఉండిపోతుంది. గుడ్లూ దక్కవు, తల్లీ దక్కదు.

బూట్లు దులిపారు. బట్టల మెషిన్ పక్కకు జరిపారు. సోఫా అడుగుగుడ్డ చింపి చూశారు. పై సొరుగుల్లో మిగతా పాములు మాత్రం తమకేమీ పట్టనట్టు చుట్టలు చుట్టుకుని పడుకున్నాయి.

చివరికి పాములు పెంచేవాళ్ళంతా చేసే పనే వాళ్ళూ చేశారు. కింది సొరుగు సగం తెరిచి, వెనకున్న వేడి పట్టీని ఆన్‌లోనే ఉంచారు.

“పెరటి తలుపు కూడా కాస్త తీసి ఉంచు,” అన్నాడు వెసెల్. “బయటికి పోయి ఉంటే తిరిగి రావాలిగా. వేడి ఎక్కడుంటే అక్కడికి వస్తుంది.”

“రాకపోతే?”

“వస్తుంది. నువ్వు ఎన్ని తిట్టినా నేను ఇంటికి రావడం లేదూ?”

“రాకపోతే ఆదివారం మాంసం కాల్చడానికి ఈ పలకలే కట్టెలు. గుర్తుంచుకో.”

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. వంటింటిని మరోసారి వెతుకుతానని లేచి వెళ్ళాడు.

డొరెట్ పరుపు తెచ్చి రాక్ పక్కనే నేల మీద పరుచుకుంది. నిద్రపోయి ఎన్నాళ్ళో అయినట్టుంది. కర్టెన్లలోంచి మధ్యాహ్నపు ఎండ తేనెరంగులో గదంతా నిండింది. రాక్ పైన వేడి పట్టీ తాలూకు చిన్న ఎర్రదీపం వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. దూరంగా గిన్నీకోళ్ళు తుప్పు పట్టిన గేటులా కీచుమంటున్నాయి. ఆమె వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి సొరుగులోకి జార్చింది. చెక్కపొట్టు గోరువెచ్చగా వేళ్ళను కప్పేసింది.

ఎండుగడ్డి మీద సాఫ్రాన్ పోతోంది. దాని వెనకే తెల్లటి గుడ్లు ఒక్కొక్కటే గాల్లోకి లేచి, చందమామల్లా పొదలకు వేలాడుతున్నాయి. డొరెట్ వాటిని ఏరుకుంటూ నడుస్తోంది. ఎంత నడిచినా కాళ్ళు నేలకు తగలడం లేదు. పొదలన్నీ వెచ్చగా ఊపిరి తీస్తున్నాయి.

చెక్కపొట్టు కదిలింది.

బరువైనదేదో నెమ్మదిగా వచ్చి ఆమె వేళ్ళకు ఆనుకుంది. కల పూర్తిగా విడవలేదు. కళ్ళు మూసుకునే నవ్వుకుంది. కన్నీళ్ళు చెవుల పక్కగా జారాయి. లేవలేదు. లేస్తే బెదురుతుంది, చూలుతో ఉన్నదాన్ని బెదిరించకూడదు. అరచేతిని మాత్రం మెల్లగా దాని మీద ఆనించింది.

ఎప్పుడూ నున్నగా ఉండే ఒళ్ళంతా గరుకుగా ఉంది. పాపం, బయట దుమ్ములో తిరిగి ఎండిపోయింది, కుబుసం అంటుకుపోయి ఉంటుంది అనుకుంది. తడి గుడ్డ వేయాలి. నడుము ఇంకా లావుగానే ఉంది. గుడ్లు ఎక్కడా పెట్టలేదన్నమాట.

చేతి కింద దాని ఒళ్ళు ఉబ్బింది. బుస్సుమని నిండుగా గాలి వదిలింది. కాసేపాగి మళ్ళీ వదిలింది.

జలుబు చేసింది, ఛాతీ పట్టేసింది. చలిలో తిరిగితే పట్టదూ? రేపే డాక్టరుకు చూపించాలి. “ఊరుకో బంగారం, ఇంటికొచ్చేశావుగా,” అని గొణిగింది. గొణిగిన మాట కూడా కలలోంచే వచ్చినట్టుంది.

వరండాలో అడుగుల చప్పుడు దగ్గరైంది. గుమ్మం దగ్గర ఆగింది.

“మెల్లగా రా,” అంది డొరెట్, కళ్ళు తెరవకుండానే. “వచ్చేసింది. నా చేతి కిందే ఉంది.”

అడుగులు గుమ్మం దాటలేదు.

“సరేలే, నువ్వే గెలిచావు. ప్రిటోరియావాడి రాక్ ఏమీ వద్దు. ఆ సందులు పూడ్చెయ్యి, ఇదే ఉంచుకుందాం.”

ఆమె గుమ్మం వైపు చెవి ఒగ్గింది.

“ఏం, గెలిచాక నోట మాట రావట్లేదా?”

“డొరెట్,” అన్నాడతను, పెదవులు కదిలాయో లేదో అన్నంత సన్నగా. “చెయ్యి కదపకు.”

ఆమె కళ్ళు తెరిచింది.

గుమ్మంలో వెసెల్ కొయ్యబారి నిలబడి ఉన్నాడు. అతని రెండు చేతుల్లో, ఫ్రిజ్ వెనకాలి బూజుతో సహా, సాఫ్రాన్ ఉంది.