జేబులో దాచిన చేతులు

బస్సు కుదుపుకి పెన్సిలు జారి పిన్నిగారి మూతి మీద మీసం మొలిచింది.

బొమ్మ గీస్తున్న అమ్మాయి పళ్ళు కొరుక్కుంటూ రబ్బరు తీసి తుడిచింది.

కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళ మీద చీటీలు అంటించే ఉద్యోగం ఆమెది. బొమ్మలు బాగుపడాలని, వంద రోజులు రోజుకో కామిక్ గీసి ఫోన్లో పెడతానని అందరి ముందూ మాటిచ్చింది. ఇంట్లో తీరదు, ఆఫీసులో కుదరదు. పొద్దున బస్సులో ఉండే నలభై నిమిషాలే దిక్కు.

కుట్టుపని, గిటారు, ఈత, అన్నీ మధ్యలో వదిలేసిన చరిత్ర ఆమెది. ఇది కూడా వదిలితే తమ్ముడి నోట పడాలి.

కామిక్ పేరు 'పార్సిల్ పిన్ని'. తెప్పించుకున్న ప్రతి వస్తువుకీ వంక పెట్టి తిప్పి పంపేసే మనిషి.

ముఖాలు ఫర్వాలేదు. మాటలు నవ్విస్తున్నాయి. చేతులే రావడం లేదు. అందుకని అందరి చేతులూ జేబుల్లోకో వీపు వెనక్కో పంపేస్తోంది.

"అక్కా, మీ పిన్ని చేతులు ఎవరైనా వెనక్కి విరిచి కట్టేశారా?" అన్నాడు తమ్ముడు, ముప్పయ్యో రోజున.

"నచ్చకపోతే చూడకు."

"నేను చూడకపోతే లైకులు తొమ్మిదికి పడిపోతాయి. రెండు ఫోన్ల నుంచీ రెండు నావే."

ఆమెకి ఒళ్ళు మండింది.

మర్నాడు పట్టుబట్టి పిన్ని చేతికి గ్లాసు ఇచ్చింది. ఐదు వేళ్ళూ అరటిపళ్ళ అత్తంలా వచ్చాయి.

"ఆ గ్లాసు పడిపోతుందమ్మా."

పక్క సీట్లో పెద్దాయన. వెలిసిన చొక్కా, ఒళ్ళో గుడ్డసంచి. ఎంతసేపట్నుంచి చూస్తున్నాడో.

"ఏంటండీ?"

"బొటనవేలు పక్కన అతికించినట్టుంది. అది ఎదురు రావాలి. లేకపోతే గ్లాసు నిలవదు."

ఆమె పుస్తకం మూసేసింది.

ఇద్దరిదీ అదే బస్సు, అదే వేళ. తప్పించుకునే దారి లేదు.

"మణికట్టు మరీ పుల్లలా ఉందమ్మా."

"చూపుడువేలికి రెండే కణుపులు వేశావు."

"బరువు మోసే చెయ్యి అంత తేలిగ్గా ఉండదు."

బాగుందని ఒక్క రోజూ అనలేదు.

ఆయన మాటలకి చించి మళ్ళీ మొదలుపెట్టేసరికి, నలభై ఎనిమిదో రోజున బొమ్మ సగంలో ఉండగానే స్టాపు వచ్చేసింది. సగం బొమ్మే పెట్టింది. లైకులు నాలుగు.

యాభై రెండో రోజున ఆయన మళ్ళీ వంగి చూశాడు.

"వేళ్ళు లెక్కపెట్టుకుంటూ వెయ్యకమ్మా. ఆ చెయ్యి దేనికోసం చాస్తోందో ముందు చూడు. వేళ్ళు వాటంతటవే..."

"మీరేమైనా పెద్ద ఆర్టిస్టా?"

ఆమె గొంతుకి ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగారు.

"కాదమ్మా. నాకు బొమ్మలు వెయ్యడం రాదు."

"రానప్పుడు ఊరుకోవచ్చుగా. పొద్దున్నే మీ పాఠాలు వినలేక చస్తున్నాను."

పెద్దాయన సంచి దగ్గరికి తీసుకున్నాడు.

"తప్పయిందమ్మా. చేతులు చూస్తే నోరూరుకోదు, అలవాటైపోయింది."

లేచి వెళ్ళి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. మర్నాటి నుంచీ అక్కడే. ఒక్కసారీ తల తిప్పి చూడలేదు.

పీడ విరగడైందనుకుంది. కానీ చేతులు మాత్రం రాలేదు.

ఎనభై మూడో రోజున రబ్బరు రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పడింది. కిటికీలోంచి పుస్తకం విసిరేద్దామా అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తొంభై ఆరో రోజున విసుగెత్తి వేళ్ళు లెక్కపెట్టడం మానేసింది. ఎదురు సీట్లో ఒకావిడ జారిపోతున్న గొడుగుని ఒడిసి పట్టుకోవడం చూసింది.

ముందు గొడుగు గీసింది. తర్వాత అరచెయ్యి. వేళ్ళు వచ్చి గొడుగుని చుట్టుకున్నాయి.

"అక్కా, ఈ చెయ్యి ఎవరు గీశారు?" అని తమ్ముడు ఫోన్ చేశాడు.

"నేనే" అంది. అది పూర్తిగా నిజం కాదని ఆమెకే అనిపించింది.

మర్నాడు పుస్తకం పట్టుకుని డ్రైవరు వెనక సీటు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఇంకెవరో ఉన్నారు. ఆ మర్నాడూ అంతే. ఆయన ఎన్నాళ్ళ నుంచి రావడం లేదో కూడా ఆమె గమనించలేదు.

వందో రోజున కండక్టర్ని అడిగింది.

"ఇక్కడ కూర్చునే పెద్దాయన కనబడటం లేదేంటి?"

"పని మానేశారండీ. వయసైపోయిందిగా, కూతురొచ్చి తీసుకెళ్ళిపోయింది."

"ఏ ఊరు?"

"అడగలేదండీ. ఫోన్ కూడా వాడరు ఆయన."

"బళ్ళో డ్రాయింగ్ మాస్టారా?"

కండక్టరు ఆమెని అదోలా చూశాడు. టికెట్ల కట్ట ఉన్న ఎడమచెయ్యి ఆమె ముందుకి చాచాడు.

వేళ్ళ కణుపుల మీద సన్నటి ముడతలు. మణికట్టు దగ్గర లేతనీలం నరం. రెండేళ్ళుగా రోజూ ఆమె కళ్ళెదుట ఉన్న చెయ్యే.

కుడిచేతిలోని పెన్నుతో కండక్టరు దాని మీద కొట్టాడు. టక్కుమని చప్పుడైంది.

"పెద్దాసుపత్రి వెనక షెడ్డులో ముప్పై ఏళ్ళు కూర్చుని, నాలాంటి వాళ్ళందరికీ చేతులు చేసిచ్చింది ఆయనేనండీ."