నాలా మీద స్లాబు

"జర పక్కకు జరుగు. నీ నీడ మొక్క మీద పడుతున్నది," అన్నాడు మహిపాల్.

భార్య దుర్గాభవాని జరిగింది. నాచారం నాలా గట్టున తీసిన గుంటలో అతను వేపమొక్కను నిలబెట్టాడు. ముక్కుకు అడ్డం పెట్టుకున్న అత్తరు కర్చీఫ్‌ను ఫొటో తీసేంతసేపు జేబులో కుక్కి నవ్వాడు. ఫొటో అవగానే కార్యకర్త ఒకడు మొక్కను మట్టితో సహా పెరికి మళ్లీ జీపులో పెట్టాడు. పొద్దుటి నుంచి ఉప్పల్, నాచారంలోని నాలుగు కాలనీల్లో నాటింది ఆ ఒక్క మొక్కనే. చూసేవాళ్లకు సిగ్గనిపించాలి గానీ నాటేవాళ్లకు ఎందుకనిపిస్తుంది?

నాలాలో పారుతున్నవాటిని నీళ్లనడానికి నోరు రాదు. ఎర్రటి నురగ, కుళ్లిన గుడ్డు కంపు. రోజూ పొద్దున్నే ఒక మందుల ఫ్యాక్టరీ ట్యాంకర్లు వచ్చి అందులో వదిలిపోతాయని కాలనీ మొత్తానికి తెలుసు.

"మా అత్తమ్మ ఇల్లు గీ నాలా పక్కనే," అని మహిపాల్ జనానికి చెప్పాడు. "అత్తమ్మా, జర నీ చెయ్యి సూపెట్టు."

శ్యామలమ్మ మొహమాటంగా చెయ్యి చాపింది. మోచేతి దాకా పుండ్లు. ఫోన్లన్నీ పైకి లేచాయి. తల్లి చేతిని సంతలో సరుకులా చూపిస్తుంటే దుర్గాభవాని చూపు పక్కకు తిప్పుకుంది.

"నేనుండంగ ఇంకొక్క ట్యాంకర్ రాదు. మాటిస్తున్న," అన్నాడు మహిపాల్. జనం చప్పట్లు కొట్టారు.

వాళ్లు చెదిరాక ఉమ వచ్చింది. ప్రభుత్వ ల్యాబులో రిటైరై, ఏ పార్టీ లేకుండా కుండ గుర్తు మీద పోటీ చేస్తున్న మనిషి. వెంట ఒక్కరూ లేరు. దుర్గాభవాని చేతిలో నీటి పరీక్షల అంకెలున్న కరపత్రం పెట్టింది.

"మీ అమ్మగారి బోరు నీళ్లు నేనే పరీక్ష చేశానమ్మా. వాటితో స్నానం కూడా చేయనివ్వకండి. గెలిచినా ఓడినా ఆ ఫ్యాక్టరీని వదలను. గెలిస్తే తొందరగా ఆపించగలను."

"మేడం, గీ లెక్కలన్నీ ఎవరు సదువుతరు?" అని మహిపాల్ నవ్వి కారెక్కాడు.

కారు కదలగానే ఫోన్ అందుకున్నాడు. "ఫికర్ జెయ్యకు అన్నా. గెల్సినంక నాలా మీద స్లాబేపిస్త. వాసన రాదు, ఎవ్వనికి కనబడది. నీ ట్యాంకర్లు నడుస్తనే ఉంటయ్."

దుర్గాభవాని అతని వైపు తిరిగింది. "స్లాబేస్తే మా అమ్మ బోర్ల నీళ్లు మంచిగైతయా?"

"అత్తమ్మకు వేరే ఇల్లు సూస్త."

"మిగిలినోళ్లకు?"

"నీకు రాజకీయం తెల్వదు. నా పక్కన నిలబడు, నమస్తే పెట్టు. గంతే."

రెండు వారాలు ఆమె అతని పక్కన నిలబడింది, నమస్తే పెట్టింది. వేపమొక్క ఎండిపోతే ఇంకోటి తెచ్చారు. సాయంత్రం ఇంటికొచ్చి తన చేతులు చూసుకుంటే ఆమెకు తన మీదే అసహ్యం వేసేది. అవతల తల్లి పుండ్లు భుజం దాకా పాకాయి.

పోలింగ్ రోజు మహిపాల్ బడి గేటు దాకా వెంట వచ్చాడు.

"మంచిగ సూసి గుద్దు. పోయినసారి మనోళ్లయి మస్తు ఓట్లు ఖరాబైనయ్."

లోపల ఏజెంటు లేచి ఆమెకు నమస్తే పెట్టాడు. ఆమె బ్యాలెట్ కాగితం అందుకుని అట్ట చాటుకు వెళ్లింది. భర్త పార్టీ గుర్తు పైనే ఉంది. దాన్ని దాటి కుండ గుర్తు వెతికి, ముద్రను గట్టిగా నొక్కింది. సిరా పక్క గుర్తుకు అంటకుండా జాగ్రత్తగా మడిచి పెట్టెలో వేసింది. చాలా రోజుల తర్వాత గుండె తేలికైంది.

"ఏసినవా?" అన్నాడు మహిపాల్ గేటు దగ్గర.

"ఏసిన."

"మనకే గద?"

"మా అమ్మకేసిన."

అతను పరాచికం అనుకుని పెద్దగా నవ్వాడు. కెమెరాల వైపు తిరిగి, "మా ఇంట్ల ఓటు యాడికి పోతది?" అన్నాడు.

మహిళలకు రిజర్వైన ఆ వార్డులో మహిపాల్ పార్టీ అభ్యర్థి దుర్గాభవానే.