పోయాక పుట్టినవాడు

నరసరావుపేట ఖబరస్తాన్‌లో సమాధిరాళ్ళన్నీ డిజిటల్ తెరలైపోయాక, వాటిని బాగుచేసే ఖాజావలికి కూర్చునే తీరికే లేకుండా పోయింది. ఉర్దూ కుడినుంచి నడుస్తుంది, తెలుగు ఎడమనుంచి. రెండూ ఒకే వరుసలో కలిస్తే తెర తికమకపడి అంకెల్ని అటూఇటూ చేసేస్తుంది. ఎంత సరిచేసినా మర్నాటికి మళ్ళీ మామూలే.

ఇవాళ మీరాబీ మొగుడి రాయి మీద "2071 – 2009" అని వెలుగుతోంది.

"మీ ఆయన పోయాక పుట్టినట్టు పడిందమ్మా. మారుస్తానుండు," అని ఖాజావలి నీరసంగా సంచీ విప్పాడు.

మీరాబీ కొంగుతో రాతి మీద దుమ్ము తుడిచింది.

"బతికినన్నాళ్ళూ ఏ పనీ తిన్నగా చేసినోడు కాదు. ఉండనీలే నాయనా. పోయినోడు మళ్ళీ పుట్టాడనే చదువుకుంటా."

ఖాజావలి సంచీ మూసేసి, ఆమె పక్కనే చతికిలబడ్డాడు.