బోదగడ్డి మోపు

లేవి ఇంటి మీద కూర్చుని ఆఖరి జింకు రేకుకు మేకు కొడుతుంటే, కింద ఓబన్న బోదగడ్డి మోపుతో కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఏటా వానలకు ముందు ఆ ఇంటికి గడ్డి కప్పేది ఆయనే. ఈ ఏడు అక్కరలేదని ఆయనకెవరూ చెప్పలేదు.

సుత్తి ఆగింది.

“రేకులు ఎప్పుడు తెచ్చినావప్పా?”

“మొన్న, మామా. బద్వేలు నుంచి.”

లేవి ఆయన కాలి వైపు చూడలేకపోయాడు. నిరుడు చినుకులు పడగానే, ఆరబెట్టిన కొర్రలు ఎత్తుకుందామని తను పట్టుకున్న నిచ్చెన వదిలి పరిగెత్తాడు. అప్పుడే నిచ్చెన జారి, పైనున్న ఓబన్న పడ్డాడు.

“నువ్వు మళ్ళా పడకూడదనే, మామా, ఈ రేకులు.”

“నేను పడకూడదనా? పడింది నీకు గ్యాపకం రాకూడదనా?”

లేవి సుత్తి పక్కన పెట్టాడు.

అతని భార్య రాహేలమ్మ బయటికొచ్చి, ఎప్పటిలాగే మోపు దించుకుని చెంబుతో నీళ్ళిచ్చింది.

“ఎండకు రేకు శానా కాలుతాదమ్మా. పిల్లోల్లు ఉడికిపోతారు. దాని మీద ఈ గడ్డి పరిపించు,” అని ఓబన్న నీళ్ళు తాగాడు.

తర్వాత నిచ్చెన దగ్గరికి పోయి, రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

“దిగప్పా. నేను వదిలిపెట్టను.”